ఎనిమిది బావులు, పద్నాలుగు మంది ఎడిటర్లు

టీచరు ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, కాగితం అనేది త్వరలోనే భూమ్మీద నుంచి మాయమైపోతుందని. రెండోది, ఆ మాయం చేసే పని దేవుడు ప్రత్యేకంగా నాకే అప్పగించాడని. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. నరసరావుపేటలో ఇచ్చిన శిక్షణలో ఒక పూట క్లౌడ్ స్టోరేజీ గురించి చెప్పారు. పిల్లల రాతలు, ఫొటోలు, పట్టికలు బడి కంప్యూటర్లో కాకుండా ఎక్కడో దూరాన ఉన్న యంత్రాల్లో దాచుకోవచ్చట, ఏ ఫోన్లోంచైనా తెరిచి చూసుకోవచ్చట. మిగతా వాళ్ళందరూ మధ్యాహ్న భోజనంలో పప్పు ఉందా సాంబారు ఉందా అని ఆలోచిస్తుంటే, నేను మాత్రం కళ్ళు చెమర్చి కూర్చున్నాను. కారణం ఉంది. పుట్టుకతోనే నేను కంగారు మనిషిని. తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను. బస్సెక్కాక, నాలుగోసారి లాగలేదే అని బాధపడతాను. అలాంటి నాకు చిరగనిది, తడవనిది, చెదలు పట్టనిది, ఎన్నటికీ పోనిది ఒకటి ఉందని తెలిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మాచర్లలో గది తీసుకుని, రోజూ వెల్దుర్తి వైపు బస్సెక్కి, దిగాక ఆటో పట్టుకుని వెళితే మా బడి వచ్చేది. మా హెడ్మాస్టరుని అందరూ పెద్దసారు అనేవాళ్ళు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, ఏ గొడవా లేకుండా ఆ కాస్తా గడిచిపోతే చాలని రోజూ దణ్ణం పెట్టుకునే రకం. నేను నా క్లౌడు పథకమంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేసరికి ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "చెయ్యమ్మా, చెయ్. మంచిదేగా. ఏదన్నా అయితే మాత్రం నన్నడగమాక" అన్నాడు. ఆ రెండో వాక్యం నేను వినిపించుకోలేదు. బడి పేరు మీద ఒక ఖాతా తెరిచి, పెద్ద ఫోల్డరు ఒకటి పెట్టి, తొమ్మిదో తరగతికి వెళ్ళి ప్రకటించేశాను: "ఇక నుంచి ప్రాజెక్టులకి నోటు పుస్తకాలు ఉండవు. అన్నీ ఇందులోనే."

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఊరంతా తాడు పిల్ల అనేవాళ్ళు. నాన్న నాపరాళ్ళ క్వారీలో పని చేసేవాడు. ఈ పిల్లకి ఒక ప్రశ్న పుట్టింది: మా ఊరి బావుల్లో నీళ్ళు ఏ వారం ఎంత కిందకి పోతున్నాయి? అడుగుకొక ముడి వేసిన పొడుగాటి తాడు, దాని చివర ఒక రాయి. ప్రతి ఆదివారం ఎనిమిది బావులకీ నడిచి వెళ్ళి, తాడు వదిలి, ఒడ్డు నుంచి నీళ్ళ దాకా ఎన్ని ముళ్ళు దిగాయో లెక్కపెట్టేది. అంకె పెరిగిందంటే నీళ్ళు అంత లోతుకి దిగిపోయాయన్నమాట. నోటు పుస్తకం వద్దని నేను శాసనం చేశాను కాబట్టి కొలతలన్నీ ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకునేది. సోమవారం దాకా ఆ చెయ్యి తడవకుండా చూసుకుని, బడికి రాగానే లాప్‌టాప్‌లో ఎక్కించి, అప్పుడు వెళ్ళి కుళాయి కింద కడుక్కునేది. వారానికో పేజీ, పేజీకి ఎనిమిది అంకెలు. (ఆదివారం సాయంత్రం అంట్లు తోమమంటే ఒంటి చేత్తో తోముతోందని వాళ్ళమ్మ నామీద ఫిర్యాదు కూడా చేసింది. నేనేమో దాన్ని విజ్ఞాన శాస్త్రానికి జరుగుతున్న త్యాగంగా భావించి మురిసిపోయాను.)

అంతటితో ఆగినా బాగుండేది. తల్లిదండ్రులు కూడా పిల్లల పని చూడాలి కదా అని, ఊళ్ళో పెద్దల ఫోన్లన్నిటికీ ఆ ఫోల్డరు పంపించాను. బడి కమిటీ చైర్మన్‌కి మాత్రం, పెద్దసారు చెప్పాడు కదా అని, మార్పులు చేసే హక్కు కూడా ఇచ్చాను. ఆ ఊరికి తూర్పు బజారు, పడమటి బజారు అని రెండు ముక్కలున్నాయనీ, ఏ ఎన్నికలొచ్చినా ఒక బజారు నిలబడిన చోట రెండో బజారు నిలబడదనీ నాకు తెలుసు. కానీ ఆ సంగతికీ క్లౌడుకీ ఏం సంబంధమో నాకు తట్టలేదు. చైర్మన్‌ది తూర్పు బజారు. మర్నాడు ఇంటర్వెల్లో నాలుగు మోటారు సైకిళ్ళు బడి ఆవరణలోకొచ్చి ఆగాయి. ముందు బండి మీద నుంచి పడమటి బజారు పెద్దాయన దిగాడు. చేటంత మీసాలుండడంతో ఊళ్ళో అందరికీ ఆయన మీసాల బాబాయి. తిన్నగా వచ్చి ఫోన్ నా మొహానికి ఆనించినంత పని చేశాడు.

"టీచరమ్మా, ఇదేంది? నన్ను వ్యూయర్ అని రాశారు?"

"అంటే చూసేవాళ్ళు అని, బాబాయిగారూ. మీ పిల్లల పని మీరు ఎప్పుడైనా చూసుకోవచ్చు."

"మరి ఆ చైర్మన్?"

"ఆయన... ఎడిటర్."

"అంటే?"

"మార్పులు చెయ్యొచ్చు."

"ఆయన మారుస్తా ఉంటే, మేం నోరు తెరుచుకుని చూస్తా కూర్చోవాలా? మా బజార్లో మగోళ్ళు లేరా?"

అది పదవి కాదు, పని కోసం పెట్టిన పేరు మాత్రమేనని ఎంత చెప్పినా ఆయన వెనక నిలబడ్డ ముగ్గురూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. పెద్దసారు గదిలోకి పరిగెత్తాను. ఆయన కిటికీలోంచి మోటారు సైకిళ్ళు లెక్కపెట్టుకుని, "ఇచ్చెయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది" అన్నాడు. మీసాల బాబాయిని ఎడిటర్ చేశాను. సాయంత్రానికి తూర్పు బజారు నుంచి ఇద్దరొచ్చారు. వాళ్ళకిచ్చాక పడమటి బజారు నుంచి ఇంకో ఇద్దరు. వారం తిరిగేసరికి అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, మొత్తం పద్నాలుగు మంది ఎడిటర్లయ్యారు. వీళ్ళలో సగం మందికి ఆ ఫోల్డరు తెరవడం కూడా రాదు. ఒకాయన తన కూతురి పెళ్ళి శుభలేఖలో తన పేరు కింద ఎడిటర్ అని వేయించుకున్నాడు. (ఆ శుభలేఖ నాకూ వచ్చింది, కాబట్టి ఇది విన్న మాట కాదు.)

అసలు ముప్పు ఒక సోమవారం పొద్దున బయటపడింది. తాడు పిల్ల లాప్‌టాప్ ముందు కూర్చుని, పాత పేజీ తెరిచి, అరచెయ్యి వంక, తెర వంక మార్చి మార్చి చూస్తోంది.

"టీచర్, మీసాల తాత బావిలో పోయిన వారం నీళ్ళు పదడుగులు పైకొచ్చినాయి."

"వాన పడి ఉంటుందిలే."

"వానెక్కడిది టీచర్? నేనే గదా కొలిచింది. నలభై ఒకటి రాశాను. ఇక్కడ ముప్పై ఒకటి ఉంది."

మీసాల బాబాయిని పిలిపిస్తే ఆయన ఏ మాత్రం తొణక్కుండా ఒప్పేసుకున్నాడు. "మరేం చెయ్యమంటా? మా బావి నలభై అడుగులకి దిగిందని ఊరంతా చూసేట్టు రాసి పెడితే, రేపు మా వాడికి పిల్లనెవరిస్తారు? అయినా ఎడిటర్నేగా, దిద్దాను" అన్నాడు. అంకె మళ్ళీ నలభై ఒకటి అయింది కానీ సంగతి తూర్పు బజారుకి పాకింది. పడమటోళ్ళు లెక్కలు మారుస్తున్నారని వాళ్ళు, మీరు మాత్రం మార్చరని ఏంది నమ్మకమని వీళ్ళు. ఇక ఆ రోజు నుంచి ప్రతి సోమవారం తాడు పిల్ల పేజీ ఎక్కించగానే తూర్పు బజారు వాళ్ళు పడమటి బావులున్న వైపు స్క్రీన్‌షాట్ తీసి తమ వాట్సాప్ గ్రూపులో దాచుకునేవాళ్ళు. పడమటి వాళ్ళు తూర్పు బావుల వైపు తీసి దాచుకునేవాళ్ళు. పాత పేజీలు కూడా ఒక్కటి వదలకుండా వెనక్కి వెళ్ళి తీశారు. ఎవరి బావి అంకెలూ వాళ్ళకక్కర్లేదు, అవతలి వాళ్ళ బావి ఎండుతున్నదనే సాక్ష్యమే కావాలి.

నాకు అన్నం సయించడం మానేసింది. బస్సులో కూర్చుని కూడా ఫోన్ తెరిచి, ఎనిమిది అంకెలూ ఉన్నాయా లేవా అని చూసుకునేదాన్ని. ఒకసారి సిగ్నల్ అందక పేజీ తెల్లగా కనిపిస్తే, కండక్టరు నీళ్ళ సీసా ఇచ్చి కూర్చోబెట్టాడు. ఇక లాభం లేదని పెద్దసారు దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "అందులో ఎడిటర్ కంటే పెద్ద పదవి ఏమన్నా ఉందా?" అనడిగాడు.

"ఓనర్ అని ఉంటుంది సార్. బడి ఖాతా తెరిచింది నేను కాబట్టి ఇప్పుడు నేనే ఓనర్ని."

"నువ్వు ఓనరా!" అని ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి వాళ్ళకి తెలిసిందా?"

ఆ ఓనరు పదవి నా నెత్తి మీద నుంచి ఎంత త్వరగా దిగిపోతే అంత మంచిదని ఇద్దరం అనుకున్నాం. రెండు బజార్లూ మాట వినే మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు, గుమాస్తా పెదనాన్న. గురజాలలో ఒక వకీలు దగ్గర ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగా చేసి వచ్చిన మనిషి. ఎవరి గట్టు తగవైనా ఆయన అరుగు మీదే తేలేది. ఒక మంచి రోజు చూసుకుని (నిజంగానే క్యాలెండరు చూశారు) రెండు బజార్ల పెద్దల సమక్షంలో ఫోల్డరునీ, అందులో ఉన్న ఒక్కొక్క ఫైలునీ పెదనాన్న పేరు మీదకి మార్చాను, పొలం రిజిస్ట్రేషన్ చేసినట్టు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అంగీకరిస్తున్నాను అని నొక్కమంటే, కళ్ళజోడు పెట్టుకుని ఆ నాలుగు వాక్యాలూ పైకి చదివి, ఇందులో మోసమేం లేదని సభకి చెప్పి, అప్పుడు నొక్కాడు. పద్నాలుగు మంది ఎడిటర్లూ ఒకేసారి వ్యూయర్లైపోయారు. అవతలివాడూ వ్యూయరే కాబట్టి ఎవరికీ బాధ లేదు. తాడు పిల్ల రాసుకోవడానికి బడి లాప్‌టాప్‌కి మాత్రం ఆ హక్కు ఉంచాం. ఆ తర్వాత రెండు వారాలు ఊరంతా చల్లగా ఉంది. స్క్రీన్‌షాట్లు తియ్యడం కూడా మానేశారు. నేను మళ్ళీ అన్నం తిన్నాను.

మూడో వారం బాలల దినోత్సవం ఫొటోలు ఎక్కించాను. అది నేను చేసిన పాపం. ఒక ఫొటోలో చైర్మన్ నడి మధ్యన దండతో కూర్చున్నాడు, మీసాల బాబాయికి ఒక భుజమూ, ఒక వైపు మీసమూ మాత్రమే పడ్డాయి. మళ్ళీ మొదలైంది. ఆ ఫొటో తీసెయ్యాలని పడమర, తీసేస్తే ఊరుకోమని తూర్పు. ఆ సోమవారం స్క్రీన్‌షాట్లు కూడా మళ్ళీ తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే జిల్లా సైన్స్ ప్రదర్శనకి మా బడి నుంచి తాడు పిల్ల ప్రాజెక్టు ఎంపికైనట్టు కబురొచ్చింది. వచ్చే బుధవారం, నరసరావుపేటలో. మా బడి నుంచి జిల్లా దాకా వెళ్ళిన పిల్ల అంతకు ముందు లేదు. వాళ్ళ నాన్న క్వారీలో సెలవు పెట్టి, బడికొచ్చి, నాతో ఏం మాట్లాడాలో తెలియక, "పిల్ల చానా తిరిగిందండీ ఎండల్లో" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున చార్టు గియ్యడానికని ఫోల్డరు తెరిచాను. లోపల ఏమీ లేదు. సిగ్నల్ లేదేమో అనుకున్నాను. ఉంది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. పెద్దసారు ఫోన్లో చూశాను. వంటామె ఫోన్లో కూడా చూశాను. ఇరవై వారాలు, ఎనిమిది బావులు, ఒక్క అంకె కూడా లేదు. తరగతిని పెద్దసారుకి ఒప్పజెప్పి, చెప్పులు సరిగ్గా వేసుకున్నానో లేదో చూసుకోకుండా పెదనాన్న ఇంటికి పరిగెత్తాను. ఆయన అరుగు మీద కూర్చుని ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నాడు.

"పెదనాన్నగారూ, ఫోల్డర్లో ఏమీ కనిపించడం లేదు!"

"ఎట్టా కనిపిస్తాదమ్మా? రాజీ చేశాగా." ఆయన పేపరు మడిచాడు. "పళ్ళు తోముకునేటప్పుడు వాడు ఫోను, అన్నం ముందు కూర్చుంటే వీడు ఫోను. ఆ ఫొటో తియ్యి, ఈ ఫొటో ఉంచు. నేను వకీలు దగ్గర చేసినోణ్ణి, నాకు తెలవదా? ఆస్తి ఉండబట్టే గదా దావా. ఆస్తే లేకపోతే దావా ఏంది? మొత్తం తీసేశాను. ఇప్పుడు వాడికీ లేదు, వీడికీ లేదు."

"తీసేసినా చెత్తబుట్టలో నెల రోజులుంటాయి. ఒక్కసారి ఫోనివ్వండి."

"ఆ, అది కూడా అడిగిందిలే. చెత్తబుట్టలో ఉన్నాయి, శాశ్వతంగా తీసెయ్యమంటారా అని. పని సగంలో వదిలే అలవాటు నాకు లేదమ్మా. తీసెయ్యమన్నాను."

నేను అరుగు కింద మెట్టు మీద కూలబడ్డాను. నా మొహం చూసి ఆయనకి అప్పుడు ఏదో అనుమానం వచ్చినట్టుంది. "ఆ తాడు పిల్ల బావుల లెక్క కూడా అందులోనే ఉందా?" అన్నాడు మెల్లగా. ఉందన్నాను. "మరి కాగితం మీద లేదా?" అన్నాడు. లేదని, కాగితం మీద రాయొద్దని చెప్పింది నేనేనని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఇంకా నయం, నేనొక్కణ్ణే ఎదవననుకున్నా" అన్నాడు.

పిల్లకి చెప్పాలి. మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చోబెట్టి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, నాలుగు మాటలంటుందనుకున్నాను. ఆ రెండూ చెయ్యలేదు. ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకుంది. శుభ్రంగా ఉంది. "మళ్ళీ కొలుద్దామన్నా కుదరదు గదా టీచర్. అప్పటి నీళ్ళు ఇప్పుడు లేవు గదా" అంది. తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు. ఆ సాయంత్రం మాచర్ల బస్సులో, ఉద్యోగానికి రాజీనామా ఎలా రాయాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. (అది కాగితం మీదే రాయాలని గుర్తొచ్చి సిగ్గేసింది కూడా.)

శనివారం పొద్దున నేను బడికి చేరేసరికి వరండాలో రెండు బజార్ల జనం ఉన్నారు. కుర్చీల మధ్యలో పెదనాన్న, అదే ఇస్త్రీ చొక్కాతో. నన్ను చూసి ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ మా దగ్గర సాక్ష్యం ఉంది, సాక్ష్యం ఉంది అని నన్ను చంపుకు తిన్నారు. ఇప్పుడు దాఖలు చెయ్యండి. ముందు తూర్పు బజారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. చైర్మన్ ఉత్సాహంగా ఫోన్ తీసి, పడమటి బావుల అంకెలు మొదటి వారం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మీసాల బాబాయి బావి నలభై ఒకటి అనే దగ్గర గొంతు పెంచి రెండుసార్లు చదివాడు. ఆయన ముగించీ ముగించకముందే మీసాల బాబాయి లేచి, "ఇక మీ తూర్పు బావుల సంగతి వినండి" అని తన ఫోన్ తీశాడు. ఒక వారం స్క్రీన్‌షాట్ తన ఫోన్లో దొరక్కపోతే గ్రూపులో ఇంకొకళ్ళని అడిగి మరీ తెప్పించాడు. తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, చైర్మన్ బావి అడుక్కిపోయిన వారం ఉంది చూడు, అది పంపు" అని అరిచాడు. తాడు పిల్ల నేల మీద బాసింపట్టు వేసుకుని, ఇకనైనా కాగితం మీద రాసుకోమని ఇద్దామని నేను దారిలో కొనుక్కొచ్చిన లాంగ్ నోటు పుస్తకంలో అన్నీ రాసుకుంటోంది. ఆ రెండు బజార్లలో ఎవరి అంకెలు వాళ్ళే దాచుకుని ఉంటే, బయటపెట్టడానికి పరువు అడ్డొచ్చి ఆ పుస్తకం ఏనాటికీ నిండేది కాదు. మధ్యాహ్నానికి ఇరవైలో పద్దెనిమిది వారాలు తిరిగొచ్చాయి. రాని రెండు వారాలు ఏవో చూస్తే, పెదనాన్న ఓనరయ్యాక ఊరంతా చల్లగా ఉన్న ఆ రెండు వారాలు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు కాబట్టి ఎవరూ స్క్రీన్‌షాట్ తియ్యలేదు.

సోమవారం చార్టు గియ్యడానికి కూర్చున్నాం. ఎనిమిది రంగుల గీతలు. ప్రతి గీతా ఒకే చోట తెగిపోయింది. ఆ ఖాళీ నాకు పళ్ళూడిన నోరులా కనిపించి ఒకటే కంగారు. జడ్జీలు ఏమంటారు? ఎందుకు ఖాళీ అని అడిగితే, మా బడి, మా ఊరు, నేను, నా క్లౌడు, అన్నీ బయటపడవా? పెద్దసారు లేకుండా చూసి, పిల్లకి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి అన్నాను. "చైర్మన్ బావికి ముందు వారం ముప్పై ఎనిమిది ఉంది, తర్వాత వారం నలభై రెండు. మధ్యలో ముప్పై తొమ్మిదిన్నర, నలభై ఒకటి వేసేద్దాం. ఇంచుమించు అంతే ఉండి ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?"

పిల్ల స్కెచ్ పెన్ను మూత పెట్టింది. "ఆ రెండాదివారాలు కూడా పోయి కొలిచాను టీచర్. ఎంతో గుర్తులేదు. గుర్తు లేంది ఎట్టా రాయను?"

"అబద్ధం కాదమ్మా, అంచనా."

"మీసాల తాత కూడా ఇంచుమించుగానే దిద్దాడు గదా టీచర్" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా తేడా తెలియక అడిగినట్టే అంది. ఆ రెండు వారాలూ ఖాళీగానే వదిలేసి, చార్టు చుట్టేసి రబ్బరు బ్యాండు వేశాను.

బుధవారం నరసరావుపేటలో ప్రదర్శన. పిల్ల, వాళ్ళ నాన్న, గుమాస్తా పెదనాన్న, నేను పొద్దున బస్సుకే వెళ్ళాం. తాడు, రాయి ఉన్న సంచీని పెదనాన్న ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చైర్మనూ మీసాల బాబాయీ ఒకే కారులో వచ్చారు. స్నేహం కుదిరి కాదు, రెండోవాడు ముందు వెళ్ళి జడ్జీలతో ఏం చెబుతాడో అనే భయంతో. నేను పిల్ల బల్ల వెనక నిలబడి దుపట్టా అంచు ముడివేసి విప్పుతూ, ముడివేసి విప్పుతూ ఉన్నాను. పదకొండింటికి జడ్జి వచ్చింది. పెద్దావిడ, జరీ అంచు నేత చీర, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. చార్టు పైనుంచి కింద దాకా చదివి, వేలు తిన్నగా తీసుకెళ్ళి ఆ ఖాళీ మీద పెట్టింది.

"ఈ రెండు వారాలు కొలతలేవి?"

"ఆ రెండు వారాలు మా ఊళ్ళో గొడవల్లేవు మేడం" అంది తాడు పిల్ల.

ఆవిడకి అర్థం కాలేదు. ఎవరికి మాత్రం అవుతుంది? అప్పుడు పిల్ల మొదటి నుంచి చెప్పుకొచ్చింది, అరచెయ్యి, ఎడిటర్లు, పది అడుగులు పైకొచ్చిన నీళ్ళు, రాజీ, స్క్రీన్‌షాట్లు, ఒక్కటి దాచకుండా. చైర్మనూ మీసాల బాబాయీ పక్క బల్ల మీదున్న అగ్నిపర్వతాన్ని మహా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆపి నా వంక ఒక్క చూపు చూసింది. ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి చూపు అది. మళ్ళీ పిల్ల వైపు తిరిగి అడిగింది.

"మరి మీ టీచర్ ఊరుకున్నారా? ఏదో ఒకటి వేసెయ్యమనలేదూ?"

ఈ పిల్ల అబద్ధం చెప్పదు. చెప్పదని అందరికంటే నాకే బాగా తెలుసు. వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడు, పెదనాన్న ఉన్నాడు, ఊరుంది. నేను నేల వంక చూస్తూ నిలబడ్డాను.

"లేదు మేడం" అంది పిల్ల, నా వైపు చూడకుండానే. "ఖాళీగానే ఉంచమన్నారు. గుర్తు లేంది రాయకూడదని మా టీచరే చెప్పారు."

తాడు పిల్లకి మూడో బహుమతి వచ్చింది. తిరుగు బస్సులో ఎందుకలా చెప్పావని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని బటానీలు తింటోంది. నాకూ గుప్పెడు పెట్టింది. అడగలేకపోయాను. ఇప్పుడు నేనే కొత్త టీచర్లకి క్లౌడు గురించి చెబుతున్నాను. ఎడిటర్ హక్కు ఎవరెవరికివ్వాలి మేడం అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, నాకు నవ్వాగదు, ఎందుకో వాళ్ళకి చెప్పను. ఇరవై మూడేళ్ళ ఆ కంగారు మనిషి ఇప్పటికీ నాలోనే ఉంది, తాళం ఇంకా మూడుసార్లు లాగుతుంది. కానీ ఏ పిల్ల పట్టికలోనైనా ఖాళీ కనిపిస్తే మాత్రం, దాన్ని అలాగే ఉంచమని చెబుతాను. మా టీచరే చెప్పారు అని ఆ రోజు ఒక పిల్ల నా గురించి ఒక అబద్ధం చెప్పింది. ఇన్నేళ్ళుగా దాన్ని నిజం చేసే పనిలో ఉన్నాను.